హ్యాండిల్ బార్ మార్చేటోళ్లు షోకు చూసి కాదు, టేపు పట్టి కొనండి

నల్గొండ నుంచి మిర్యాలగూడకు వారంల నాలుగైదు రోజులు బండి మీదనే పోయొస్త నేను, పోను నలభై రాను నలభై అనుకోండి, పాత బండి ఉన్నన్ని రోజులు ఏం అనిపించలే. కొత్త బండి తీస్కున్నంక తిప్పర్తి దాటకముందే కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుడు, ఇంకో పది కిలోమీటర్లు పోంగనే రెండు జబ్బల నడుమ ఎవరో బొటనవేలు పెట్టి ఒత్తుతున్నట్టు నొప్పి. ఇంటికొచ్చి చాయ్ గిలాస పట్టుకుంటే చెయ్యి వణుకుతుండె. కొత్త బండి కదా అలవాటైతది అన్నరు అందరు. ఆరు నెలలైనా కాలే. హ్యాండిల్ మార్చిన, తప్పు హ్యాండిల్ పెట్టిన, మళ్ల మార్చిన. రెండోసారి చేసిన కొలతల పని మొదటిసారే చేసుంటే పైసలు, ఒక బ్రేక్ లివరు, పక్కింటోళ్ల గేటు పెయింటు మిగిలేటియి.

ఆ మొదటి కథ చెప్త ముందు. ఫోన్ల ఫొటో చూసి ఆర్డర్ పెట్టిన, ఎంత వెడల్పు ఎంత ఎత్తు ఏం చూడలే, యూనివర్సల్ అని రాసుంది, అయిపాయె. మా మెకానిక్ భాయ్ దాన్ని కవర్లకెల్లి తీసి అటు తిప్పి ఇటు తిప్పి, "అన్నా ఇది నడిపేతందుకా, ఫొటోలు దిగేతందుకా?" అన్నడు. నేనే మొండికి పోయి పెట్టించుకున్న. వైర్లు తంబూర తీగల్లెక్క గుంజుకొని ఉన్నయి, నడుస్తది లే అనుకున్న. మూడో రోజు మా గల్లీల యూ టర్న్ కొడుతుంటే హ్యాండిల్ ఎడమకు ఫుల్లుగ తిప్పంగనే యాక్సిలేటర్ వైరు గుంజుకొని ఇంజిన్ దానంతట అదే రైజ్ అయింది, భయపడి ముందు బ్రేక్ పట్టిన, హ్యాండిల్ మొత్తం తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేక్ పడితే ఏమైతదో తెలుసు కదా, బండి అట్లనే పక్కింటి గేటు మీదికి ఒరిగింది. వేగం లేదు కాబట్టి నవ్వులతోని పోయింది. అదే మర్రిగూడ బైపాస్ కాడ లారీల నడుమ అయితే ఈ రాత ఇంకెవరన్న రాయాల్సి వస్తుండె.

తర్వాత కూసొని కొలుస్తే తెలిసిందేందంటే నాకు కావాల్సింది 25 ఎంఎం పైకి, 20 ఎంఎం వెనక్కి. అంతే. రెండు వేళ్ల మందం. నేను పెట్టించుకున్నది నాలుగు అంగుళాలు ఎక్కువ ఎత్తు. చానా మందికి కావాల్సింది గా రెండు వేళ్ల మందమే, కొనేది మాత్రం జానెడు.

ముందుగాల హ్యాండిల్‌దే తప్పా చూడండి

బార్ కొనేముందు పెద్ద ఖర్చు లేని పనులు కొన్నున్నయి. సీటు కిందికి కుంగి, ముందుకు వాలి ఉంటే మీరు బ్రేక్ పట్టినప్పుడల్లా ట్యాంకు మీదికి జారుతరు, మళ్ల చేతులతోని వెనక్కి నెట్టుకుంటరు, రోజంతా అదే పని, దానికి బార్ ఏం చేస్తది పాపం. సీటు ఫోమ్ మార్పిస్తే సగం నొప్పి పోతది. క్లచ్ వైరు ఎండిపోయి గట్టిగ అయితే ఎడమ చెయ్యి గుంజుతది, దానికి కొత్త వైరు, రెండు చుక్కల ఆయిల్ చాలు. గ్రిప్పుల రబ్బరు గట్టిపడి రాయిలెక్క అయితే అవి మార్చండి. బార్ చివర్ల ఉండే బరువులు ఎవరన్న పీకేశారా చూడండి, అవి అందానికి కాదు, వైబ్రేషన్ తగ్గేతందుకు పెట్టినయి. హ్యాండిల్ తిప్పుతుంటే నడుమ టక్కుమని ఆగుతుందంటే బాల్ రేసర్లు, అంటే హ్యాండిల్ తిరిగేతందుకు ఉండే బేరింగులు పోయినయి, అది వేరే పని, బార్ పని కాదు.

లివర్ల యాంగిల్ గూడ. సీటు మీద మామూలుగ కూసొని చేతులు గ్రిప్పుల మీద పెట్టి వేళ్లు చాపితే ముంజేతి లైన్లనే లివర్ తగలాలె. చానా బండ్లకు షోరూంల నుంచి వచ్చినప్పుడు లివర్లు పైకి ఉంటయి, మణికట్టు పైకి మడిచి పట్టాలె, గంట సేపు అట్ల నడిపితే చెయ్యి ఏమైతది. రెండు బోల్టులు లూజు చేసి కిందికి తిప్పుడే, పది నిమిషాల పని. మా బామ్మర్ది జడ్చర్లల ఉంటడు, ఆయన బార్ కొందాం అని తిరుగుతుండె, లివర్లు తిప్పినంక మళ్ల ఆ మాటే ఎత్తలే.

ఇవన్నీ అయినంక గూడ నొప్పి ఉంటే, ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకోండి. అరచేతి మడమ మీద నొప్పి అంటే మీ పై శరీరం బరువు చేతుల మీద పడుతున్నట్టు, బార్ కిందికి లేదా దూరంగ ఉంది. జబ్బల నడుమ, మెడ వెనక నొప్పి అంటే చేతులు చాపి అందుకుంటున్నరు, బార్ దూరం అన్న ఉండాలె, మీ భుజాల కన్న మరీ వెడల్పు అన్న ఉండాలె. చిటికెన వేలు వైపు తిమ్మిరి అంటే అరచేతి బయటి అంచు కాడ పోయే నరం నలుగుతుంది, సైకిల్ తొక్కేటోళ్లకు గూడ ఇదే వస్తది. బొటన వేలు, చూపుడు వేలు తిమ్మిరైతే అది మణికట్టు నడుమ నుంచి పోయే ఇంకో నరం, మణికట్టు మడతబడి ఉంటే వస్తది. ఇగ నడుం కింద, తోక ఎముక కాడ నొప్పి ఉంటే జాగ్రత్త, బార్ ఇంకా ఎత్తు పెంచితే నిటారుగ కూసుంటరు, గుంతల దెబ్బ సీదా వెన్నుపూస మీదికే పోతది, తగ్గాల్సింది పెరుగుతది. బండి దిగి రెండు రోజులైనా తిమ్మిరి పోకపోతే మెకానిక్ కాడికి కాదు, డాక్టర్ కాడికి పోండి, మెడ నరాలకెల్లి గూడ రావచ్చు, షుగర్ తోని గూడ రావచ్చు.

చేతులు ఎక్కడ ఉండాలంటున్నయో చేతులనే అడగండి

హార్డ్‌వేర్ షాపుల అర అంగుళం తెల్ల ప్లంబింగ్ పైపు ముక్క అడగండి, ఊరికే ఇచ్చినా ఇస్తడు. దాని బయటి మందం 21 ఎంఎం దాకా ఉంటది, మన బండ్ల బార్ 22, దాదాపు సమానం. జానెడు జానెడు రెండు ముక్కలు కోయండి. ఒకటే పొడుగు పైపు వద్దు, ఎందుకో చెప్త.

బండిని చదునైన నేల మీద సెంటర్ స్టాండ్ ఏసి, సెంటర్ స్టాండ్ లేకపోతే ఒకళ్లు నిలువుగ పట్టుకోని, రోజూ ఏసుకునే బూట్లు, హెల్మెట్‌తోని ఎక్కి కూసోండి. రోజూ ఎక్కడ కూసుంటరో అక్కడనే, ఫొటోకు కూసున్నట్టు కాదు. కాళ్లు ఫుట్‌రెస్టుల మీద, మోకాళ్లు ట్యాంకుకు ఆనించి. హ్యాండిల్ ముట్టకుండ నడుం కొంచెం ముందుకు వాల్చి, చేతుల ఆసరా లేకుండ ఎంతవరకు హాయిగ ఆగుతరో అక్కడ ఆగండి. భుజాలు కిందికి వదిలేయండి. కండ్లు మూసుకోండి. ఇప్పుడు రెండు చేతుల్ల రెండు పైపు ముక్కలు పట్టుకొని, మోచేతులు కొంచెం వంగి ఉండేటట్టు ముందుకు లేపండి. చెయ్యి ఎక్కడ ఆగాలె అనుకుంటదో అక్కడ ఆగనీయండి. కండ్లు తెరవద్దు, తెరిస్తే చెయ్యి గ్రిప్పు దిక్కు పోతది, అలవాటు అట్లాంటిది.

ఈ లోపల ఇంట్ల ఒకళ్లు టేపు పట్టుకొని రెడీగ ఉండాలె. పైపు ముక్క నడిమి నుంచి గ్రిప్ నడిమికి ఎంత ఎత్తు తేడా, ఎంత ముందు వెనక తేడా, రెండు ముక్కల బయటి చివర్ల నడుమ ఎంత దూరం, ఈ మూడు రాసుకోవాలె. పక్కకెల్లి ఒక ఫొటో, మీదికెల్లి ఒక ఫొటో. మీదికెల్లి తీసిన ఫొటోల పైపు ముక్కలు ఎట్ల వాలి ఉన్నయో చూడండి, దాదాపు ఎవరికైనా బయటి చివరలు కొంచెం వెనక్కి వాలి ఉంటయి. ఆ వాలే మీ మణికట్టుకు కావాల్సిన యాంగిల్, ఒకటే పొడుగు పైపు పట్టుకుంటే అది తెలవదు. ఇట్ల మూడుసార్లు, మధ్యల దిగి నీళ్లు తాగి మళ్ల ఎక్కి చేయండి. నాకు మూడుసార్లకు ఐదారు ఎంఎం తేడా వచ్చింది, సగటు తీసుకున్న. మా ఆవిడ టేపు పట్టుకొని, "బనీను కొలత ఇచ్చినట్టు ఏంది ఇది" అని నవ్వుడు వేరే సంగతి.

పాత బార్‌ను దారంతోని కొలవండి

కావాల్సిన తేడా తెలిసింది, ఇప్పుడు ఉన్నది ఎంతో తెలవాలె. బార్ ఒక చివరికెల్లి ఇంకో చివరికి దారం గుంజి కట్టండి, టేప్ అంటిస్తే ఆగుతది. అది గాల్ల సీదా గీత లెక్క ఉంటది. బార్‌ను బండికి బిగించే పట్టీలు, అంటే క్లాంపులు, పట్టుకున్న కాడ దాని సెంటర్ నుంచి ఆ దారం ఎంత పైన ఉందో అది ఎత్తు, రైజ్ అంటరు. ఎంత వెనక ఉందో అది పుల్‌బ్యాక్. చివరికి చివరికి ఉన్నది వెడల్పు. నిలువు కొలతకు ఇంకో దారానికి నట్టు కట్టి వేలాడదీయండి, మేస్త్రీలు గుండు వాడినట్టు.

నా బండికి రైజ్ 90, పుల్‌బ్యాక్ 120 వచ్చింది. 25 పైకి 20 వెనక్కి కావాలె కాబట్టి నేను ఎతకాల్సింది రైజ్ 115, పుల్‌బ్యాక్ 140. ఇగ షాపుకు పోతే అచ్చంగ ఆ నంబర్లు దొరకయి. ఇక్కడొక చిన్న లెక్క పనికొస్తది. క్లాంప్ సెంటర్ నుంచి దారానికి ఏటవాలు దూరం ఒకటుంటది కదా, బార్‌ను క్లాంపుల ముందుకు వెనక్కి ఎంత తిప్పినా అది మారదు. టెన్త్ క్లాసుల చదివిన పైథాగరస్, 115కు 140కు ఆ దూరం 181. నాకు దొరికిన బార్ రైజ్ 130, పుల్‌బ్యాక్ 125, దాని ఏటవాలు దూరం 180. అంటే దాన్ని ఒక ఏడు డిగ్రీలు నా దిక్కు తిప్పి బిగిస్తే నాకు కావాల్సిన జాగకే వస్తది. కాకపోతే తిప్పితే గ్రిప్పుల చివరలు గూడ కిందికి వాలుతయి, ఏడు ఎనిమిది డిగ్రీలంటే చెయ్యి ఓర్చుకుంటది, పదిహేను ఇరవై తిప్పాల్సి వస్తే ఆ బార్ మీది కాదు అనుకొని వదిలేయండి.

అసలు కొత్తది కొనకుండనే పాతదాన్ని తిప్పి చూడొచ్చు. 100 ఎంఎం రైజ్ ఉన్న బార్‌ను 5 డిగ్రీలు తిప్పితే దగ్గర దగ్గర 9 ఎంఎం వెనక్కి వస్తది. మీకు కావాల్సింది పది లోపలనే ఉంటే నాలుగు బోల్టుల పనే ఇది.

రైజర్లు ఇంకో దారి. క్లాంపుల కింద పెట్టే అల్యూమినియం దిమ్మలు. వీటి గురించి షాపోళ్లు చెప్పనిది ఒకటుంది, రైజర్ సీదా పైకి లేపదు, బండి ముందు షాకప్‌లు ఎంత వాలి ఉంటే అంత వాలులనే లేపుతది. చానా బండ్లకు ఆ వాలు 26 డిగ్రీలు అటూ ఇటూ, ఆ లెక్కన 30 ఎంఎం రైజర్ పెడితే 27 పైకి, 13 వెనక్కి. పైకి కావాలె, వెనక్కి కొంచెం కావాలె అనేటోళ్లకు ఇదే సులువు, కంపెనీ బార్ ఉంటది, స్విచ్‌లు విప్పే పని ఉండదు. ఒకదాని మీద ఒకటి రెండు సెట్లు పెట్టుడు, లోకల్‌గ లేత్ మిషన్ మీద ఇనుప ముక్క కోపించి పొడుగు బోల్టు దూర్పుడు మాత్రం వద్దు, హ్యాండిల్ ఊడితే బండి మీద మనం చేయగలిగింది ఏం లేదు.

బార్ ఏరుకునేటప్పుడు

మందం ముందు. మన దగ్గర మామూలు బండ్లకు ఎక్కువ శాతం క్లాంప్ కాడ, గ్రిప్ కాడ రెండు చోట్ల 22 ఎంఎం. కొన్ని పెద్ద బండ్లకు నడుమ లావుగ 28.6 ఉండి చివర్లకు 22కు సన్నబడతది. హార్లే లాంటివి 25.4. కండ్లతోని చూసి చెప్పలేం, మందం కొలిచే వర్నియర్ పెట్టి కొలిపించండి, లేత్ షాపుల ఎవరి కాడైనా ఉంటది. 25.4 క్లాంపుల 22 బార్ పెట్టి నడుమ రేకు ముక్క చుట్టి బిగించేటోళ్లు ఉన్నరు, అట్ల చేసేటోళ్ల కాడికి బండి తీస్కపోవద్దు. రెండోది, నడుమ సీదా భాగం మీ రెండు క్లాంపుల మీద పూర్తిగ కూసోవాలె, క్లాంప్ వంపు మీదికి పోతే బార్ ఎన్నడో ఒకనాడు అక్కడనే పగులుతది. మూడోది అందరు మర్చిపోయేది, చివర్ల సీదా భాగం. గ్రిప్, స్విచ్ బాక్స్, లివర్ మూడు ఒకదాని పక్కన ఒకటి అందులనే పట్టాలె, పాతదాని మీద టేపు పెట్టి కొలుచుకోండి, కొత్తదానికి అంతకన్న తక్కువుంటే లివర్ వంపు మీదికి పోతది.

వెడల్పు ఎక్కువైతే హ్యాండిల్ తేలికైతది, కొద్దిగ నెడితే చాలు తిరుగుతది. వానాకాలం పంట కోతల టైంల మా రోడ్ల మీద సగం రోడ్డుకు వడ్లు ఆరబోసి అంచుకు రాళ్లు పెడతరు, ఎదురుంగ ట్రాక్టరొస్తే చటుక్కున బండి తప్పించాలె, అప్పుడు వెడల్పు బార్ విలువ తెలుస్తది. మన్ననూరు దాటినంక శ్రీశైలం ఘాట్ మలుపుల్ల గూడ బాగుంటది. కానీ భుజాల కన్న మరీ వెడల్పైతే ఒక చెయ్యి చాపాల్సి వస్తది, మళ్ల జబ్బల నడుమ నొప్పి మొదలు. ఇంకోటి, మీ ఇంటి గేటు కొలుచుకోండి. నవ్వకండి. మా గేటు ఒక రెక్క తీస్తే పాత బండి సరిగ్గ పోతుండె, ఆ మొదటి తప్పు బార్, 820 ఎంఎం వెడల్పుది, పెట్టినంక రోజూ పొద్దుగాల రెండు రెక్కలు తీసుడు, ఒకనాడు తీయకుండ నూకితే వేళ్ల మీద తోలు లేచింది.

పుల్‌బ్యాక్ సంగతి పైపు ముక్కలు చెప్పినయి కదా. చాలకపోతే మణికట్టు బొటనవేలు దిక్కు వంగుతది, ఎక్కువైతే చిటికెన వేలు దిక్కు వంగుతది. నిక్కచ్చి సీదా పైపు లెక్క ఉండే డ్రాగ్ బార్‌లు చూసేతందుకు బాగుంటయి గానీ రోజూ ఎనభై కిలోమీటర్లు తిరిగేటోడికి నేనైతే చెప్ప. భుజాల కన్న ఎత్తుండే ఏప్ హ్యాంగర్ సంగతి అసలే ఎత్తకండి, చేతులకు రక్తం సరిగ్గ ఎక్కదు, 80 దాటితే గాలి ఛాతి మీద గోడలెక్క కొడతది.

ఇనుమా అల్యూమినియమా అంటే మామూలు తిరుగుడుకు ఇనుమే మేలు, పడితే వంగుతది గానీ చెప్పకుండ విరగదు. ఏదైనా గానీ వంగినదాన్ని సీదా చేయించి మళ్ల వాడొద్దు, అల్యూమినియం అయితే అసలే వద్దు, లోపల పగులు కనపడదు. వెల్డింగ్ ఏసిన బార్ సెకండ్ హ్యాండ్ల వస్తే ఊరికిచ్చినా తీసుకోకండి. దొరికే జాగ అంటారా, మీ బండి కంపెనీదే ఇంకో మోడల్ బార్ సరిపోతుందా ముందు చూడండి, స్పేర్ పార్ట్స్ షాపుల తక్కువకే వస్తది, స్విచ్ రంధ్రాలు గూడ చానాసార్లు కలుస్తయి. లేకపోతే హైదరాబాద్ కోఠి దగ్గర పుత్లీబౌలి, పాత బార్ సంచిల ఏస్కోని పొండి, పక్కపక్కన పెట్టి చూసి కొనొచ్చు.

పల్సర్ 220, ఆర్15 లాంటి క్లిప్ ఆన్ బండ్లకు ఈ కథ వర్తించదు. వాటికి ఒకటే పైపు ఉండదు, రెండు ముక్కలు షాకప్ రాడ్లకు విడివిడిగ బిగించి ఉంటయి. వాటికి ఎత్తు పెంచిన క్లిప్ ఆన్‌లు దొరుకుతయి, వాటితోనే సరిపెట్టుకోండి.

కాగితాల సంగతి ఒక్క ముక్క. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 ప్రకారం ఆర్సీల రాసి ఉన్న వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు. రెండు వేళ్ల తేడా ఉన్న బార్‌ను ఎవరు పట్టించుకోరు, నెత్తి మీదికి పోయే బార్ మాత్రం చెక్‌పోస్ట్ కాడ దూరంకెల్లే కనపడతది. వారంటీ ఉన్న బండి అయితే సర్వీస్ సెంటరోళ్లను ముందే అడిగి పెట్టుకోండి.

కొనేముందే వైర్ల పరీక్ష

నేను పక్కింటి గేటుకు గుద్దింది దీనికే. పాత బార్ క్లాంపుల నాలుగు బోల్టులు విప్పి, బార్‌ను వైర్లతో సహా చేతులతోని ఎత్తి పట్టుకోండి. కింద కర్ర ముక్కలో మడతబెట్టిన అట్టలో పెట్టి మీకు కావాల్సినంత ఎత్తుకు, వెనక్కి తేండి. ఇప్పుడు ఇంకొకళ్లు ముందు చక్రాన్ని ఎడమకు పూర్తిగ, కుడికి పూర్తిగ తిప్పాలె, దానితోపాటు మీరు బార్ తిప్పాలె. క్లచ్ వైరు, యాక్సిలేటర్ వైరు, డిస్క్ పైపు, స్విచ్‌ల వైరింగ్, ముందు డ్రమ్ బ్రేక్ అయితే దాని వైరు, ఒక్కొక్కటి వేలితో నొక్కి చూడండి. కొంచెమన్న వదులు ఉండాలె. లాగినట్టు ఉంటే ముందు దాని దారి మార్చి చూడండి, ట్యాగులు కోసి హెడ్‌లైట్ పక్క నుంచి కాకుండ లోపలికెల్లి తెస్తే ఒక్కోసారి రెండు అంగుళాలు కలిసొస్తది. అయినా చాలకపోతే పొడుగు వైర్లు కావాలె, ఆ ఖర్చు గూడ లెక్కేసుకొని అప్పుడు బార్ కొనండి.

డిస్క్ పైపు పొడుగుది ఏస్తే బోల్టు రెండు దిక్కుల కొత్త రాగి వాషర్లు ఏయాలె, ఆయిల్ డబ్బా మూత మీద ఏ డాట్ నంబర్ (బ్రేక్ ఆయిల్ రకం) రాసుంటే అదే ఆయిల్ పోసి గాలి పూర్తిగ తీయాలె. ఏబీఎస్ బండి అయితే ఇది చెట్టు కింద చేసే పని కాదు.

బిగించుడు

ట్యాంకు మీద పాత చద్దర్ మందంగ కప్పండి, డిస్క్ ఆయిల్ చుక్క పడితే పెయింటు లేచిపోతది, పడితే తుడవకండి, వెంటనే నీళ్లు కొట్టండి. విప్పేముందు ప్రతి దిక్కుకెల్లి ఫొటోలు తీయండి. అద్దాలు తీసేసి, బార్ చివరి బరువుల స్క్రూలు విప్పండి, ఇవి మొండివి, సైజు సరిగ్గ ఉన్న బిట్‌తోని గట్టిగ నొక్కి తిప్పాలె, తల అరిగిందంటే డ్రిల్లే. ఎడమ గ్రిప్ రాకపోతే కింద సన్న స్క్రూడ్రైవర్ దూర్చి సబ్బు నీళ్లు పోసి మెలితిప్పితే ఊడొస్తది. డిస్క్ ఆయిల్ డబ్బా బోల్టులు విప్పినంక దాన్ని నిటారుగ ఉండేటట్టు అద్దం రాడ్‌కో దేనికో తాడుతోని కట్టండి, తలకిందులైతే లోపలికి గాలి పోతది, పైపు మీద వేలాడితే పైపు పోతది.

కొత్త బార్ పెట్టి నాలుగు బోల్టులు చేత్తోనే తిప్పి వదిలేయండి. మీది క్లాంప్ మీద బాణమో చుక్కో ఉంటది, అది సాధారణంగ ముందు దిక్కుకు. కొన్ని బండ్లకు ముందు బోల్టులు పూర్తిగ బిగించి ఖాళీ వెనకనే ఉంచాలె, కొన్నిటికి రెండు దిక్కుల సమానంగ, మీ బండి మాన్యువల్‌ల చూసి అదే టార్క్‌తోని, అంటే అందుల రాసినంత బిగువుతోనే బిగించండి, పానాకు పైపు తగిలించి బలం చూపిస్తే మర పోతది. అన్ని లూజుగనే ఎక్కించి, బండి మీద కూసొని, కండ్లు మూసి మళ్ల పైపు ముక్కల నాటి పోజు పెట్టండి. చేతులు దిగిన కాడ గ్రిప్ ఉందా. ఉంటేనే బిగించండి.

స్విచ్ బాక్స్ లోపల చిన్న ప్లాస్టిక్ మొన ఉంటది, పాత బార్‌ల దానికో రంధ్రం ఉంటది, కొత్తదాని మీద ఉండకపోవచ్చు. చానామంది మెకానిక్‌లు ఆ మొనను బ్లేడుతోని కోసేసి పని అయిందంటరు. వద్దు. కుడి దిక్కు అది లేకపోతే యాక్సిలేటర్ తిప్పినప్పుడు బాక్సే తిరుగుతది. అన్ని సెట్ అయినంక మార్కు పెట్టి, బాక్స్ తీసి మొన సైజుకే రంధ్రం కొట్టి, అంచులు ఆకురాయితోని నున్నగ చేయండి. క్లాంప్ దగ్గర మాత్రం ఎక్కడా రంధ్రం కొట్టొద్దు.

కుడి గ్రిప్ తిప్పి వదిలేస్తే టక్కున దానంతట అదే వెనక్కి రావాలె, హ్యాండిల్ సీదా ఉన్నప్పుడు, ఎడమకు, కుడికి మూడు చోట్ల చూడండి. రాకపోతే చివరి బరువుకు ఆనుకుంటుందేమో, మధ్యల గోటి సందు వదలాలె.

బండి న్యూట్రల్‌ల స్టార్ట్ చేసి హ్యాండిల్ ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగ తిప్పండి, ఇంజిన్ శబ్దం రవ్వంత గూడ మారొద్దు. మారిందంటే నా కథ గుర్తు చేసుకోని వైరు సరిచేయండి. హ్యాండిల్ పూర్తిగ తిప్పినప్పుడు వేళ్లకు ట్యాంకుకు నడుమ సందు ఉండాలె, లివర్ గూడ తగలొద్దు. బ్రేక్ లివర్ గట్టిపడేదాకా నొక్కండి, ముందు బ్రేక్ పట్టంగనే వెనక లైట్ వెలుగుతుందా, హారన్, ఇండికేటర్లు, సెల్ఫ్, అన్నీ చూసుకోండి.

నేనైతే క్లాక్ టవర్ నుంచి పానగల్ దాకా, ఉదయసముద్రం కట్ట మీద కాసేపు ఆగి మళ్ల వాపస్, అంత దూరం మొదటి ట్రయల్ పోయిన, జేబుల ఎలెన్ కీ పెట్టుకొని. కట్ట కాడ ఆగి లివర్లు రెండు డిగ్రీలు కిందికి తిప్పిన, ఎడమ అద్దం సరిచేసిన. మిర్యాలగూడకు మొదటి రోజు పోయొచ్చినంక చిటికెన వేలు సాఫ్, జబ్బల నొప్పి మాత్రం పూర్తిగ పోయేసరికి పదిరోజులు పట్టింది, నెలల నాటి నొప్పి కదా ఒక్కరోజుల పోదు. వారం దాకా చూసి అప్పుడు ఇంకేమన్న తిప్పాల్నంటే తిప్పండి, రోజుకోసారి మారిస్తే ఏది బాగుందో మీకే తెలవదు.

బిగించిన నాడే క్లాంప్ మీదికెల్లి బార్ మీదికి సన్నగ నెయిల్ పాలిష్ గీత గీసిన, మా ఆవిడ ఎర్ర రంగుది. వంద కిలోమీటర్లు అయినంక బోల్టులు మళ్ల ఒకసారి పానా పెట్టి చూస్తే ఒకటి కొంచెం తిరిగింది, గీత మాత్రం కదలలే. ఇప్పటికీ బండి కడిగినప్పుడల్లా గీత చూస్త. పాత కంపెనీ బార్ పారేయలే, గోనెసంచిల చుట్టి అటక మీద పెట్టిన, బండి అమ్మేనాడు మళ్ల ఎక్కిస్త.